మల్టీప్లేయర్ పెట్టకపోతే మా గేమ్‌ను ఎవరూ పట్టించుకోరా?

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్ఈ మూడో ఏడాది చదువుతున్నాను. నలుగురం కలిసి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా గేమ్‌లు తయారుచేసే అన్‌రియల్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌లో ఎల్డెన్ రింగ్ అనే గేమ్ తరహా కష్టమైన యాక్షన్ ఆర్పీజీ (ఒక పాత్రను నడుపుతూ, బలం పెంచుకుంటూ పోరాడే గేమ్) చేయాలనుకుంటున్నాం. ఆన్‌లైన్ మల్టీప్లేయర్ (ఇంటర్నెట్‌లో పలువురు కలిసి ఆడే సౌకర్యం) లేకపోతే ఈ రోజుల్లో ఎవరూ చూడరని, ఉద్యోగం కూడా రాదని ఇద్దరు ఫ్రెండ్స్ అంటున్నారు. నేను ఆ గేమ్‌లన్నీ ఒంటరిగానే ఆడాను. ఫైట్ బాగుంటే చాలనిపిస్తుంది. ఇంట్లో నాన్నకేమో వేరే టెన్షన్. ఆన్‌లైన్ గేమ్‌లను ప్రభుత్వమే నిషేధించింది కదా, ఇంకా అందులో ఉద్యోగమేంటి అంటున్నారు. ఏం చేయాలి సర్?

జవాబు: మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయమ్మా. ఇలాంటి గేమ్‌కు మల్టీప్లేయర్ అవసరమా అన్నది ఒకటి. మీ ఉద్యోగానికి ఆ పని తెలిసి ఉండటం అవసరమా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు ‘అక్కర్లేదు’. రెండోదానికి ‘తెలిస్తే చాలా మేలు’. ఈ రెండిటినీ ఒకటిగా చూడటం వల్లే మీ నలుగురి మధ్య వాదన తెగడం లేదు.

ముందు నాన్నగారి సంగతి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని ఆపేశాయి. పందెం ఏమీ లేకుండా, కొనుక్కుని ఆడుకునే గేమ్‌ను తయారుచేయడం ఆ నిషేధంలోకి రాదు. ఆయనకు ఈ తేడా ఒక్కటి చెప్పండి, సగం కంగారు తగ్గుతుంది. మిగతా సగం మీ పని చూశాక తగ్గుతుంది.

ఇక గేమ్ సంగతికి వద్దాం. మీ ఫ్రెండ్స్ చెప్పేది పూర్తిగా తప్పు కాదు. ఎల్డెన్ రింగ్ చేసిన జపాన్ సంస్థ ఫ్రమ్‌సాఫ్ట్‌వేరే ఈ తరహా గేమ్‌లకు దారి వేసిన డీమన్స్ సోల్స్ కూడా చేసింది. అది 2009లో వచ్చినప్పుడే అందులో ఆన్‌లైన్ ఉంది. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో దర్శకుడు హిదెతాకా మియాజాకి ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. మంచు పడిన ఎత్తు రోడ్డులో కార్లు జారి ఆగిపోతే, వెనక కారువాళ్లు ముందు కారును నెట్టుకుంటూ ఎక్కించారట. పైకి చేరాక ఆగి థ్యాంక్స్ చెబుదామంటే మళ్లీ ఇరుక్కుపోతారు, అందుకని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారట. ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి, బాస్‌ను, అంటే దారిలో ఎదురయ్యే పెద్ద శత్రువును, కొట్టడానికి సాయం చేసి, మాట్లాడకుండా మాయమైపోవడం అక్కడి నుంచే పుట్టింది. (ఈయన అంతకుముందు ఒరాకిల్‌లో ఉద్యోగం చేసేవారు. 2004లో, 29 ఏళ్ల వయసులో గేమ్‌ల వైపు వచ్చారు. ఇది కూడా నాన్నగారికి చెప్పండి.)

అంటే ఈ గేమ్‌లలో ఆన్‌లైన్‌కు ఒక అర్థం ఉంది. కష్టపడుతున్నది నేనొక్కడినే కాదు అనే ధైర్యం ఇవ్వడానికి అది ఉంది. నేల మీద ఎవరో రాసి వదిలిన సందేశం, ఎవరో చచ్చిపోయిన చోట మిగిలిన రక్తపు మరక, దాన్ని ముట్టుకుంటే వాళ్ల ఆఖరి క్షణాలు దెయ్యంలా కనిపించడం... వీటిలో ఆ అవతలి మనిషి మీతో పాటు ఆ నిమిషంలో ఆడుతూ ఉండనక్కర్లేదు. నా మట్టుకు ఈ తరహా గేమ్‌లకు మల్టీప్లేయర్ ఇచ్చిన గొప్ప కానుక ఇదే. కలిసి బాస్‌ను కొట్టడం, ఒకరి మీదికి ఒకరు దండెత్తడం దీని తర్వాతే.

కానీ అది లేకపోతే గేమ్ నిలబడదా? 2019లో వచ్చిన సెకిరోను చూడండి. అదే సంస్థ, అదే దర్శకుడు. విడుదలైనప్పుడు అందులో ఆన్‌లైన్ అనేదే లేదు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ దానికే దక్కింది. ఆటగాళ్లు తమ ఆటను రికార్డు చేసి ఇతరులకు వదిలే సౌకర్యం 2020 అక్టోబరులో ఉచిత అప్‌డేట్‌గా వచ్చింది, అంతే. కొరియా నుంచి 2023లో వచ్చిన లైస్ ఆఫ్ పీ, చైనా నుంచి 2024లో వచ్చిన బ్లాక్ మిత్ వుకాంగ్ కూడా ఒంటరిగా ఆడేవే. వుకాంగ్ మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడైంది. ‘ఎవరూ చూడరు’ అనే మాటకు ఇంతకంటే జవాబు ఏముంటుంది?

డీమన్స్ సోల్స్ ప్లేస్టేషన్ 3 సర్వర్లను 2018 ఫిబ్రవరిలో ఆపేశారు. ఆ తర్వాత కూడా డిస్క్ పెట్టి ఒంటరిగా ఆడుకోవచ్చు. తోడు పోయింది, ఆట పోలేదు. మీ గేమ్‌కూ ఇదే పరీక్ష పెట్టండి. ఇంటర్నెట్ తీసేసి ఆడితే ఇంకా ఆడాలనిపిస్తోందా?

ఇప్పుడు పని ఎంతో చూద్దాం. ఇక్కడే కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే విద్యార్థులు పొరపాటు పడేది ఇక్కడే. శత్రువు కత్తి దిగే క్షణంలో పక్కకు దొర్లితే దెబ్బ తగలదు కదా, ఆ సమయం అర సెకను కూడా ఉండదు. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. మీ కంప్యూటర్ నుంచి మీ ఫ్రెండ్ కంప్యూటర్‌కు సమాచారం చేరడానికి 100 మిల్లీసెకన్లు పట్టిందంటే ఆరు ఫ్రేములు పోయినట్టే. మీ స్క్రీన్‌లో మీరు తప్పించుకున్నారు, వాళ్ల స్క్రీన్‌లో మీరు ఇంకా పాత చోటే నిలబడి ఉన్నారు. ఎవరు చూసింది నిజం? ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు రాయడానికి అనుభవం ఉన్న ఇంజినీర్లకే నెలలు పడుతుంది.

అంతటితో అయిపోదు. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే బాస్ ఎవరి మీదికి తిరగాలి? ఒకడిని తరుముతుంటే ఇంకొకడు వెనక నుంచి పొడుస్తూనే ఉంటాడు, ఫైట్‌లో పస పోతుంది. అందుకే ఎల్డెన్ రింగ్‌లో తోడు పిలిస్తే బాస్ ప్రాణబలం కూడా పెరుగుతుంది. అంటే ప్రతి బాస్‌నూ ఒంటరికి ఒకసారి, గుంపుకు ఒకసారి సరిచూడాలి. సెకిరోలో మధ్యలో పాజ్ చేసుకోవచ్చు. అవతల ఇంకో మనిషి ఉంటే అదీ కుదరదు. భద్రత గొడవ వేరే. 2022 జనవరిలో అదే సంస్థ చేసిన డార్క్ సోల్స్ పీసీ గేమ్‌ల సర్వర్లను ఒక భద్రతా లోపం వల్ల ఆపేయాల్సి వచ్చింది, తిరిగి తెరవడానికి నెలలు పట్టింది. ముగ్గురు కలిసి ఆడటానికే వాళ్లు చేసిన ఎల్డెన్ రింగ్ నైట్‌రెయిన్ 2025 మేలో వచ్చినప్పుడు ఒక్కరు ఆడొచ్చు, ముగ్గురు ఆడొచ్చు, ఇద్దరు మాత్రం ఆడలేరు. ఆ సౌకర్యం జులైలో వచ్చింది. ఇన్నేళ్ల అనుభవం ఉన్న సంస్థకే అలా అయితే, పరీక్షల మధ్య పని చేసుకునే మీ నలుగురి మాటేమిటి?

కొన్నేళ్ల క్రితం ఇలాంటి ప్రాజెక్టుతోనే ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. వాళ్ల టీమ్ ఎనిమిది నెలలు నెట్‌వర్క్ కోడ్ మీదే కూర్చుంది. ఇద్దరు ఒకే మైదానంలో కనిపిస్తున్నారు, నడుస్తున్నారు. కొట్టుకోవడానికి మాత్రం ఏమీ లేదు. ఆ వీడియో చూసినప్పుడు నాకు బాధేసింది. వాళ్ల కష్టం అంతా అందులో ఉంది, చూసేవాళ్లకు ఒక్కటీ కనిపించదు.

అందుకని నా సలహా ఇది. ఒక అరీనా (పోరాడే మైదానం), ఒక బాస్, ఒకే ఆయుధం. దొర్లడం, అడ్డుకోవడం, స్టామినా, దెబ్బ తగిలినప్పుడు చేతికి తెలిసే బరువు. వీటి మీదే మొదటి నాలుగు నెలలు పెట్టండి. హాస్టల్లో ఈ తరహా గేమ్‌లు ఎప్పుడూ ఆడని పదిమందితో ఆడించి, ఎక్కడ కంట్రోలర్ పక్కన పెట్టేస్తున్నారో రాసుకోండి. కోపంతో పెట్టేశారా, విసుగుతో పెట్టేశారా అన్నది ముఖ్యం. కోపం వచ్చినవాళ్లు మళ్లీ తీసుకుంటారు.

తర్వాత, మల్టీప్లేయర్ కావాలంటున్న మీ ఇద్దరు ఫ్రెండ్స్‌కు రక్తపు మరకలు, సందేశాలు అప్పగించండి. ఆటగాడు చనిపోయే ముందు కొన్ని సెకన్ల కదలికలను రికార్డు చేసి, సర్వర్‌లో ఒక టేబుల్‌లో దాచి, వేరేవాళ్ల ఆటలో చూపించాలి. ఆలస్యం అయినా ఎవరికీ నష్టం లేదు, ఫైట్ చెడదు. సందేశాలను సొంతంగా టైప్ చేయనివ్వకండి. ఆ గేమ్‌లలో లాగా ముందే ఇచ్చిన మాటల నుంచి ఏరుకోనివ్వండి, బూతుల బెడద ఉండదు. ఏపీఐ (గేమ్, సర్వర్ మాట్లాడుకునే దారి), డేటాబేస్, లోడ్ టెస్టింగ్ (ఎక్కువమంది వస్తే సర్వర్ తట్టుకుంటుందో చూడటం), అన్నీ ఇందులో నేర్చుకుంటారు. రాజీ పడ్డట్టు అనుకోవద్దు. మియాజాకి ఆలోచనలో నాకు బాగా నచ్చిన భాగం మీ చేతికి అందేది ఇదే.

రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మన దేశంలో గేమ్ ఉద్యోగాల్లో ఎక్కువ భాగం మొబైల్ గేమ్‌లవి, విదేశీ స్టూడియోలకు చేసిపెట్టే పనులవి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థ ఆఫీసు ఉంది. ఎల్డెన్ రింగ్ స్థాయి గేమ్‌లు మాత్రం ఇక్కడ తయారు కావడం లేదు. పుణె టీమ్ చేసిన రాజీ 2020లో వచ్చింది, అదీ ఒంటరిగా ఆడే యాక్షన్ గేమే. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొబైల్ గేమ్‌లకు లాగిన్, లీడర్‌బోర్డ్, ఈవెంట్లు, మ్యాచ్‌లు అన్నీ ఆన్‌లైనే. కాబట్టి సర్వర్ పని తెలిసినవాళ్లకు గిరాకీ ఉంటుంది. గేమ్ ఉద్యోగం దొరకడం ఆలస్యమైనా మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ నైపుణ్యం చెల్లుతుంది. ఫైట్ రాసినవాళ్లకు ఆ వెసులుబాటు తక్కువ, కానీ గేమ్‌ప్లే ప్రోగ్రామర్ ఇంటర్వ్యూలో వాళ్ల పని మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది.

మీకు ఫైట్ ఇష్టమని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది. సీ ప్లస్ ప్లస్ గట్టిగా నేర్చుకోండి, యానిమేషన్, శత్రువుల ఏఐ మీ పేరు మీద ఉంచుకోండి. రెజ్యూమెలో ‘నలుగురం కలిసి గేమ్ చేశాం’ అని రాస్తే చాలదు. ఎవరు ఏం చేశారో కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో విడివిడిగా కనిపించాలి. వీడియో రెండు నిమిషాలు దాటొద్దు, మొదటి పది సెకన్లలోనే ఫైట్ మొదలవ్వాలి.

బాస్ పని పూర్తయ్యాక ఆ వీడియో నాకు పంపండి. నెట్‌వర్క్ లేని వెర్షన్‌దే పంపండి. నాన్నగారికి కూడా ముందు అదే చూపించండి, వీలైతే కంట్రోలర్ ఆయన చేతికే ఇవ్వండి.