డీఎండీ బాబుకు ఫిజియో చేయబోయే శ్రావణికి

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

డూషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ (డీఎండీ) అనే కండరాల జబ్బు ఉన్న ఏడేళ్ల బాబును నీ దగ్గరకు పంపారని, ఏం చేయించాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. ముందు ఒకటి గట్టిగా మనసులో పెట్టుకో. వాడికి బలం పెంచడం మన పని కాదు. ఉన్న బలాన్ని కాపాడాలి, కండరాలు కురచబడకుండా చూడాలి. వాడి కండరాల్లో డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారుకాదు. అది లేని కండరం పొర ఒత్తిడికి చిరుగుతుంది. మొదట్లో మళ్లీ అతుక్కున్నా పోనుపోను అక్కడ కొవ్వు, పీచు పేరుకుంటాయి. అందుకని బరువులు కట్టడం, గుంజీలు, అలిసిపోయేదాకా సైకిల్ తొక్కించడం వద్దే వద్దు. మెట్లు దిగడం మరీ చెడ్డది, అప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోయాలి. క్లాసు కింది అంతస్తుకు మార్చమని స్కూలుకు నువ్వే లెటర్ రాసివ్వు. నీళ్లలో ఆడుకోనీ, చదునైన నేల మీద నడవనీ. మర్నాడు కాళ్లు నొప్పులంటే నిన్న ఎక్కువైనట్టే. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే అన్నీ ఆపి అదే రోజు డాక్టరుకు చూపించమను.

మొదటి రోజు చేయి వేయకుండా చూడు. నేల మీద కూర్చోబెట్టి లేవమను. బోర్లా తిరుగుతాడు, చేతులు నేలకు ఆన్చి పిరుదులు పైకెత్తుతాడు, ఆ తర్వాత ఒక చేయి మోకాలి మీద, ఇంకోటి తొడ మీద ఊనుకుంటూ నిలబడతాడు. గవర్స్ సైన్ అని చదువుకున్నావే, అదే ఇది. ఎన్ని సెకన్లు పట్టిందో రాసిపెట్టుకో, ఆరు నెలలకోసారి పోల్చి చూసుకోవచ్చు. పిక్కలు లావుగా, గట్టిగా ఉంటాయి. ఇంట్లోవాళ్లు అది బలమనుకుంటారు, కాదని నెమ్మదిగా చెప్పు.

మునివేళ్ల మీద, పొట్ట ముందుకు పెట్టి నడుస్తుంటే సరిదిద్దాలని నీకు చేతులు దురద పెడతాయి. ఆగు. పిరుదుల్లో, తొడ ముందు భాగంలో బలం తగ్గాక పడిపోకుండా ఉండటానికి వాడి ఒళ్లు వెతుక్కున్న ఉపాయమది. ఒంటి బరువు మోకాలికి ముందుగా పడుతోంది కాబట్టే మోకాలు మడత పడటం లేదు. పగలు బ్రేసులు బిగించి మడమను నేలకు దించితే ఆ నడక కాస్తా పోతుంది. రాత్రి నిద్రలో మాత్రం పాదాన్ని 90 డిగ్రీల్లో నిలిపే స్ప్లింట్ వేయించు.

స్ట్రెచింగ్ తల్లికి నేర్పు, రోజూ చేసేది ఆవిడే. మోకాలు చాపించి, మడమను అరచేతిలోకి తీసుకుని, పాదాన్ని ముంజేతికి ఆనించి మెల్లగా పైకి వంచాలి. 30 సెకన్లు పట్టి ఉంచాలి. పిల్లాడు ఏడ్చేంత నొక్కకూడదు. తుంటి బిగుసుకోకుండా టీవీ చూసేటప్పుడు బోర్లా పడుకోబెట్టమను. ఎత్తుకునేటప్పుడు చంకల కింద చేతులు పెట్టొద్దు, భుజాల్లో పట్టు లేక చేతుల్లోంచి జారిపోతాడు. ఒక చేయి వీపు వెనక, ఇంకోటి తొడల కింద వేయాలి.

స్టెరాయిడ్ వాడే పిల్లల ఎముకలు పెళుసుగా ఉంటాయి. కాలు విరిగి వారాల తరబడి మంచాన పడితే మళ్లీ నడవకపోవచ్చు, అందుకని ఎంత త్వరగా నిలబెట్టవచ్చో ఆర్థో డాక్టరుతో మాట్లాడు. ఏ ఆపరేషనైనా మత్తు డాక్టరుకు జబ్బు పేరు ముందే చెప్పాలి. కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్ మందు, పీల్పించే మత్తుమందులు వీళ్లకు ప్రాణాపాయం. ఈ సంగతి ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాయి. గుండెకు ఏటా ఎకో తీయించాలి.

ఇక తల్లి విషయం. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని మన ఇళ్లల్లో అనేస్తారు. అది తప్పని ఆవిడ భర్త, అత్తగారు ఇద్దరూ ఉన్నప్పుడే చెప్పు. డిస్ట్రోఫిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, కొడుక్కి అది తల్లి నుంచే వస్తుంది, కాబట్టి మేనరికంతో దీనికి సంబంధం లేదు. దాదాపు మూడోవంతు పిల్లల్లో తల్లికి లేని మార్పు కొత్తగానే పుడుతుంది. అయినా తల్లికి జన్యు పరీక్ష చేయించాలి. ఆవిడ క్యారియర్ (ఆ మార్పును మోస్తున్న మనిషి) అయితే ఆవిడ గుండె కూడా చూపించాలి, చెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి. వాళ్లలో ఎవరైనా కడుపుతో ఉంటే ఆలస్యం చేయొద్దు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు ఉంది. సర్టిఫికెట్‌కు ఇప్పుడే దరఖాస్తు పెట్టించు.

మొదటి రోజు లెక్కలు రాసి పంపితే చూస్తాను.

మీ పెద్దమ్మ