బోరు నీటిలో ఆర్సెనిక్: ఏళ్ళ తరబడి తాగినవారికి ఏమవుతుంది, ఇప్పుడేం చేయాలి

రాజోలు దగ్గరి లంక గ్రామం నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. పెరటిలోని బోరు నీటినే పన్నెండేళ్ళుగా తాగుతున్నామనీ, ఈ మధ్య పరీక్ష చేయిస్తే ఆర్సెనిక్ లీటరుకు 0.03 మిల్లీగ్రాములు ఉన్నట్టు తేలిందనీ రాశారు. ఇంట్లో అత్తగారు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారనీ, దీనివల్ల ఏ జబ్బులు వస్తాయో, మరిగించి తాగితే సరిపోతుందో లేదో, ఏ పరీక్షలు చేయించుకోవాలో చెప్పమనీ అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. అయితే మా బాబాయి గారు ఈ విషం వల్లనే జబ్బుపడ్డారు. ఆయనను ఆస్పత్రులకు తీసుకువెళ్ళిందీ, డాక్టర్లు చెప్పినది రాసిపెట్టుకున్నదీ నేనే కాబట్టి, అప్పటి నుంచి ఈ విషయాన్ని శ్రద్ధగా చదువుతూ వస్తున్నాను.

ముందుగా మరిగించడం సంగతి చెబుతాను, ఎందుకంటే ఇందులో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఆర్సెనిక్ పోదు; పైగా నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది. ఇంట్లో పటిక వేసి తేర్చుకున్నా, గుడ్డతో వడగట్టినా నమ్మడానికి లేదు. ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. కాబట్టి ఈ రోజు నుంచే తాగడానికీ, వంటకూ, పిల్లల పాలలో కలపడానికీ ఆ నీటిని మానేసి పంచాయతీ కుళాయి నీటిని వాడండి. స్నానానికీ, బట్టలకూ, అంట్లకూ బోరు నీరు వాడుకోవచ్చు, చర్మం గుండా ఒంట్లోకి చేరేది చాలా స్వల్పం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మంచినీళ్ళ చెరువులు అడుగంటి కుళాయిలు సరిగా రావు, అప్పుడు మళ్ళీ బోరు దగ్గరికే వెళ్ళాలనిపిస్తుంది. ఆ నెలలకు వేరే ఏర్పాటు ఇప్పుడే ఆలోచించుకోండి.

మీ నివేదికలోని అంకెను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. లీటరుకు 0.03 మిల్లీగ్రాములంటే 30 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993 నుంచి చెబుతున్న హద్దు 10 మైక్రోగ్రాములు, మన భారతీయ ప్రమాణం కూడా 0.01 మిల్లీగ్రాములే, అంటే మీ నీరు హద్దుకు మూడు రెట్లు ఉంది. కొన్ని ప్రయోగశాలలు మిల్లీగ్రాముల్లోనూ, కొన్ని మైక్రోగ్రాముల్లోనూ రాస్తాయి గనుక, అంకె పక్కన ఉన్న కొలతను ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్‌లలో మనుషుల చర్మం మీద జబ్బు బయటపడిన చోట చాలా గొట్టపు బావుల్లో ఇది వందల మైక్రోగ్రాముల్లో ఉండేది. మీ స్థాయిలో అలాంటి గుర్తులు కనిపించడం అరుదు, దీనివల్ల మీకు కొంత ఊరట కలగాలి. కాని గుర్తులు లేవు కదా అని ఆ నీటినే తాగుతూ పోవడం మాత్రం నా దృష్టిలో పిల్లల విషయంలో అన్యాయం.

మా బాబాయి గారు కోనసీమ కొబ్బరికాయలను దిగుమతి చేసుకునే ఒక వ్యాపారి దగ్గర గుమస్తాగా బెంగాల్‌లోని నదియా జిల్లాకు వెళ్ళి, పిన్నినీ పిల్లలనూ తీసుకువెళ్ళి చాలా ఏళ్ళు అక్కడే ఉన్నారు. అద్దె ఇంటి వాకిట్లో ఉన్న చేతిపంపు నీటినే అందరూ తాగేవారు. తిరిగి వచ్చేసరికి ఆయన అరిచేతులు చిన్న చిన్న గట్టి గింజలతో గరుకుగా ఉండేవి, అరికాళ్ళలో ఆనెల్లాగా పగుళ్ళు వేసి నడిస్తే నొప్పి పుట్టేది. ఛాతీ మీదా వీపు మీదా నల్లని చర్మంలో తెల్లని చుక్కలు, వాన చినుకులు పడ్డ దుమ్ము నేలలా కనిపించేవి. ఒకరు తామర అన్నారు, ఇంకొకరు ఆనెలని కోసి పంపించారు, పూత మందులతోనే చాలా కాలం గడిచిపోయింది. చివరికి కాకినాడలో ఒక చర్మవైద్యురాలు ఆయన చేతులు పట్టుకుని చూసి, "లెక్కలు రాసే మీకు చేతులు కాయలు కాయడమేమిటి? రెండు చేతులకూ, రెండు కాళ్ళకూ ఒకేలా ఎందుకున్నాయి? ఇంతకుముందు ఎక్కడ ఉండేవారు, ఏ నీళ్ళు తాగేవారు?" అని అడిగారు. ఆ ప్రశ్నతోనే జబ్బు ఏమిటో తేలింది. కలకత్తాలో డాక్టర్ కె.సి. సాహా 1983లోనే ఇలాంటి రోగులను గుర్తించారని ఆవిడే మాకు చెప్పారు. మీరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆయన అడిగినా అడగకపోయినా, ఏ నీరు ఎన్నేళ్ళు తాగారో మొదటి మాటగా చెప్పండి.

ఒకే పంపు నీరు తాగినా పిన్నికి వీపు మీద మచ్చలు మాత్రమే వచ్చాయి, పిల్లలకు పైకి ఏమీ కనిపించలేదు. ఒంట్లోకి వెళ్ళిన ఆర్సెనిక్‌ను కాలేయం రూపం మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఆ శక్తి మనిషికీ మనిషికీ వేరుగా ఉంటుంది, సరైన తిండి లేనివారికి నష్టం ఎక్కువ. చర్మపు గుర్తులు సాధారణంగా అయిదేళ్ళకు తక్కువ కాకుండా తాగిన తరువాతే వస్తాయి. అయితే అది చర్మంతో ఆగే విషం కాదు. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కడం, మంటలు పుట్టడం, వదలని దగ్గు, కాలేయం గట్టిపడటం, రక్తపోటు, గుండె జబ్బులు, మధుమేహం దీనితో ముడిపడి ఉన్నాయి. చర్మానికీ, ఊపిరితిత్తులకూ, మూత్రాశయానికీ క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. బాబాయి గారి నడుము దగ్గర మానకుండా పొట్టు రాలుతూ ఉన్న ఒక ఎర్రని మచ్చను ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సర్ తొలి దశ అని తేలింది. కోసి తీసేశారు, తరువాత తిరగబెట్టలేదు. అరికాళ్ళ మంటలు మాత్రం ఆయనను ఇప్పటికీ వదలలేదు.

నీరు మార్చిన వెంటనే ప్రమాదం పోతుందా అనే ప్రశ్నకు చిలీ దేశంలోని ఆంటోఫగాస్టా నగరం సమాధానం చెబుతుంది. అక్కడ 1958 నుంచి ఆర్సెనిక్ బాగా ఎక్కువగా ఉన్న నది నీటిని నగరానికి సరఫరా చేశారు, 1970లో శుద్ధి కేంద్రం పెట్టి తగ్గించారు. అయినా ఊపిరితిత్తుల, మూత్రాశయ క్యాన్సర్ మరణాలు ఆ తరువాత ఎన్నో ఏళ్ళ వరకు అక్కడ ఎక్కువగానే నమోదయ్యాయి. కడుపులో ఉండగానో, పసితనంలోనో ఆ నీటి బారిన పడ్డవారు పెద్దయ్యాక ఊపిరితిత్తుల జబ్బులతో చిన్న వయసులోనే పోవడం కూడా అక్కడే గమనించారు. మీ స్థాయి దానిలో చిన్న వంతు మాత్రమే, కనుక ఆ లెక్కలను మీ ఇంటికి అన్వయించుకుని భయపడకండి. అయితే గర్భిణులకూ, పసివారికీ మంచి నీరు ముందుగా అందాలని నేను అంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

ఇక పరీక్షలు. రక్త పరీక్ష పెద్దగా ఉపయోగపడదు, ఆర్సెనిక్ రక్తంలో కొన్ని గంటలకు మించి నిలవదు. మూత్ర పరీక్ష గడిచిన కొద్ది రోజుల సంగతి చెబుతుంది, గోళ్ళూ వెంట్రుకలూ కొన్ని నెలల సంగతి చెబుతాయి. మన ప్రాంతం వారు ఒక్క విషయం తప్పక గుర్తుంచుకోవాలి: సముద్రపు చేపలు, రొయ్యలు, పీతల్లో హాని చేయని మరో రూపంలో ఆర్సెనిక్ ఉంటుంది, అవి తిన్న మర్నాడు మూత్రం ఇస్తే అంకె అమాంతం పెరిగి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. మూత్రం ఇవ్వడానికి ముందు మూడు నాలుగు రోజులు వాటిని మానేయండి, లేదా రూపాలను విడదీసి కొలిచే పరీక్ష అడగండి. పిల్లలకు ఏ లక్షణమూ లేకపోతే సూదులతో హింసించనక్కరలేదు. అత్తగారిని మాత్రం ఒకసారి చర్మవైద్యులకు చూపించి అరిచేతులు, అరికాళ్ళు, వీపు పరీక్ష చేయించండి.

దీర్ఘకాలం పేరుకున్న నష్టానికి విరుగుడు మందంటూ ఏదీ రుజువు కాలేదు, ఒంట్లోంచి విషం లాగేస్తామని చెప్పి ఖరీదైన సెలైన్లు ఎక్కించేవారిని నమ్మవద్దు. నీరు మార్చడమే చికిత్స. గట్టిపడ్డ చర్మానికి సాలిసిలిక్ ఆమ్లం, యూరియా ఉన్న పూతలు ఊరటనిస్తాయి. పప్పు, గుడ్లు, ఆకుకూరలు తినడం మంచిది. ఇంట్లో చుట్టలు, బీడీలు కాల్చేవారుంటే వెంటనే మాన్పించండి, పొగాకు తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అన్నానికి మంచి నీరు ఎక్కువగా పోసి, పాతకాలంలోలాగా గంజి వార్చుకుంటే బియ్యంలోని ఆర్సెనిక్ కూడా కొంత పోతుంది.

ఆర్.ఓ. యంత్రం కొనాలనుకుంటే ఒక సంగతి తెలుసుకోండి. ఆర్సెనిక్‌కు నీటిలో రెండు రూపాలున్నాయి, గాలి తగలని బోరు నీటిలో తరచుగా ఉండే రూపాన్ని ఈ యంత్రం అంత బాగా వడగట్టలేదు. కాబట్టి యంత్రం నుంచి వచ్చిన నీటిని కూడా పరీక్షకు పంపాలి. టిన్ను నీళ్ళు కొంటుంటే, ఆ ప్లాంటుకు నీరు ఏ బోరు నుంచి వస్తోందో అడగండి.

అన్నిటికంటే ముందు మీ బోరు నీటిని రెండోసారి, వేరే చోట పరీక్ష చేయించండి. బెంగాల్‌లో హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో ఇనుముకు అంటుకుని ఉన్న ఆర్సెనిక్, భూమిలో గాలి ఆడని చోట సూక్ష్మజీవుల వల్ల ఆ ఇనుము కరిగినప్పుడు విడివడి నీటిలో కలుస్తుంది. మన గోదావరి ఒండ్రు చాలావరకు దక్కను నుంచి వస్తుంది, మన డెల్టా బోర్లలో ఎప్పటినుంచో తెలిసిన బాధలు ఉప్పదనం, ఇనుము చిలుము. కనుక ఒక్క నివేదికను పట్టుకుని ఊరంతా విషమని అనుకోనక్కరలేదు, తప్పుడు నివేదిక అని పక్కన పడేయనూ కూడదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో స్వల్ప రుసుముతో ప్రజల నమూనాలు తీసుకుంటారు. అయితే మామూలు పరీక్షలో ఉప్పదనం, గట్టిదనం, ఫ్లోరైడ్, ఇనుము వంటివే చూస్తారు గనుక, ఆర్సెనిక్ కావాలని పేరు పెట్టి రాసివ్వండి. సీసా వారినే అడిగి తీసుకోండి, కొన్ని నిమిషాలు నీరు వదిలిన తరువాతే నింపండి. పక్కింటి బోరులో ఉన్నది మీ బోరులో ఉండాలని లేదు, లోతును బట్టి పక్కపక్క బావుల్లోనే చాలా తేడా ఉంటుంది, కాబట్టి ఇరుగుపొరుగు నమూనాలు కూడా కలిపి పంపించండి. రెండో నివేదిక వచ్చాక అందులోని అంకెనూ, బోరు లోతునూ, ప్రయోగశాల వాడిన కొలతనూ ఇక్కడే రాస్తే, వడపోత విషయంలో ఏది మీకు సరిపడుతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.